పది నిమిషాల ఆకాశం

ముందు వాసన వచ్చింది. తర్వాత పొగ వచ్చింది. ఆ వెనకే మేనమామ కేక వచ్చింది.

"కొంప మునిగిందే కోడలు పిల్లా! మోటారు కాలిపోయింది!"

సైన్సు టీచరు రెండేసి మెట్లు ఎక్కుతూ స్కూలు డాబా మీదికి వచ్చి పడింది. అప్పటికే చేయగలిగిందేమీ మిగల్లేదు. ఇనప గొట్టం కొసన యాంటెన్నా, చేపను తినేశాక మిగిలిన ముల్లులా అడ్డపుల్లలన్నీ చాచుకుని ఆకాశం వైపు చూస్తోంది. దాని మెడ కింద ఉన్న చిన్న మోటారు మాత్రం ఆఖరి పొగ వదిలేసి చల్లబడుతోంది.

"ఇంకో మోటారు లేదా మామయ్యా?"

"ఎందుకు లేదూ? ఉంది. దుకాణంలో ఉంది. ఆ దుకాణం ఊరికి ఆ చివర ఉంది. వెళ్లి తెచ్చి బిగించేలోపు నీ వ్యోమగామి రెండు సముద్రాలు దాటేసి ఉంటుంది."

మేనమామ ఓడల మీద వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. నడి తుఫానులో కూడా గొంతు పెంచడని పేరు. ఆయనే కేక వేశాడంటే వ్యవహారం ముదిరినట్టే.

సంగతి ఇదీ. ఈ మధ్యాహ్నం అంతరిక్ష కేంద్రం ఈ ఊరి మీదుగా వెళ్తుంది. అందులో ఉన్న వ్యోమగామి ఒకావిడ ఈ స్కూలు ఎనిమిదో తరగతి పిల్లలతో రేడియోలో మాట్లాడతానని మాటిచ్చింది. కేంద్రం ఒక దిక్కున లేచి ఇంకో దిక్కున దిగిపోవడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ యాంటెన్నా ముక్కు దానివైపే తిరుగుతూ ఉండాలి. ముక్కు తప్పిందా, గొంతు తప్పినట్టే. తిప్పాల్సిన మోటారు కాస్తా ఇదిగో, ఇలా మాడి కూర్చుంది. ఈ వంతు కోసం టీచరు ఏడాదికి పైగా కాచుకుంది. ఇది పోతే మరొకటి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పగలిగిన నాథుడు లేడు.

చాలదన్నట్టు పెద్ద మేడమ్.

హెడ్మిస్ట్రెస్‌ని స్కూలంతా పెద్ద మేడమ్ అనే అంటుంది. ఆవిడకి టీచరంటే కోపం లేదు. టీచరు పాఠమంటేనే హడలు. ఎందుకంటే ఈ టీచరు ఏ పాఠాన్నీ కూర్చోబెట్టి చెప్పదు. చర్య, ప్రతిచర్య అంటే చక్రాలున్న ఆఫీసు కుర్చీల్లో ఇద్దర్ని కూర్చోబెట్టి ఒకర్నొకరు తోసుకోమంటుంది. జడత్వం అంటే శక్తికొద్దీ పరిగెత్తి టక్కున ఆగమంటుంది. కక్ష్య అంటే నడుముకి తాడు కట్టుకుని, రెండో కొస పట్టించి, తన చుట్టూ గిరగిరా పరుగెత్తిస్తుంది. పిల్లలు ఆవిడకి పెట్టుకున్న ముద్దుపేరు ఒళ్లునొప్పుల టీచరు.

"ఆ గొంతు వినిపించిందా, సంతోషం," అని నిన్ననే తేల్చేసింది పెద్ద మేడమ్. "వినిపించలేదా, రేపట్నుంచి పాఠం బెంచీల మీదే. డాబా లేదు, తాడు లేదు, తోపులాట లేదు."

టీచరు మోటారు వైపు చూసింది. యాంటెన్నా వైపు చూసింది. మళ్ళీ మేనమామ వైపు చూసింది.

"మామయ్యా, ఈ ముల్లు బరువెంత?"

"పిల్లికూనంత. ఎందుకూ?" అంటూనే ఆయన కళ్లు చిట్లించాడు. "చేత్తోనా? నీకు మతి గానీ పోయిందా?"

"మీ కాలంలో మీరంతా చేత్తో తిప్పలేదూ?"

"తిప్పాం. దారి తెలిసి తిప్పాం. కంటికి కనపడని దాన్ని వెంటాడాలంటే దారి ఒంటికి పట్టాలి."

"ఒంటికి పట్టించడం నా పని. ఆ దారి గీసిన కాగితం ఇలా పడెయ్యండి."

మేనమామ కంప్యూటరులోంచి తీసిన కాగితం అది. దాని మీద ఒక పెద్ద సున్నా. పైన ఉత్తరం అని ఒక్క గుర్తు. సున్నాలో విల్లులా వంగిన గీత. గీత మీద నిమిషానికొక చుక్క, పక్కన అంకె.

"సున్నా నడిమధ్య మన నడినెత్తి. అంచు మన చుట్టూ కనిపించే దిగంతం. గీత అది వెళ్లే దారి," అనేసి ఆయన మెట్లగదిలోకి పరిగెత్తాడు. రేడియో ఆ గదిలోనే ఉంది. పొగ వచ్చినప్పుడు ఫ్యూజు కూడా ఎగిరింది. ఆయన తల ఇక వైర్లలోంచి బయటికి రాలేదు.

ఎనిమిదో తరగతి కట్ట తెగిన చెరువులా డాబా ఎక్కింది.

సుద్దముక్కలు పంచింది టీచరు. డాబాకి మైదానం ఉన్న వైపు ఉత్తరం. మెట్లగది తూర్పున. నీళ్ల ట్యాంకు పడమర. రోడ్డు దక్షిణాన. కాగితం మీది ఉత్తరాన్ని మైదానం వైపు పెట్టి, కాగితంలో ఎలా ఉందో అలాగే నేల మీద పెద్ద సున్నా గీయించింది. లోపల విల్లు గీయించింది. కాగితం మీద ఆ విల్లు కింద కుడిమూల మొదలై పైన ఎడమమూల తేలుతోంది. అందుకని నేల మీద మెట్లగది వెనక ఆగ్నేయమూల మొదలై, మైదానం మీదుగా వంగి, ట్యాంకు అవతల వాయవ్యమూల తేలింది.

"నిచ్చెన ఎక్కడ్రా?"

"ఇక్కడే టీచర్," అన్నాడు క్లాసులోకెల్లా పొడుగువాడు, అందరి తలల మీంచి.

"యాంటెన్నా నీది. మధ్యలో నిలబడు. లీడరమ్మాయి చుక్కలు పిలుస్తుంది. చుక్క చుక్కకీ ముక్కు జరపాలి. కానీ."

నిచ్చెన, కాలిన మోటారు బిగింపులు ఊడదీసి, గొట్టం వదిలి యాంటెన్నాని భుజానికెత్తుకున్నాడు. లీడరు పిలిచింది. వాడు ఊపాడు.

"మెల్లగారా! ఈగల్ని తోలుతున్నావా?"

మళ్ళీ చేశాడు. మళ్ళీ. నాలుగోసారికి వాడి భుజాలు వాటంతటవే తిరగడం నేర్చుకున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు కూడా చేతులు చాపి, లేని యాంటెన్నాలు పట్టుకుని వాడితోపాటే తిరిగారు. క్లాసు మొత్తం ఒక్క ఒళ్లయి మూల నుంచి మూలకి వంగుతోంది. టీచరు గుండె ఉప్పొంగింది. ఇది కదా పాఠమంటే!

"నేను నమ్మను," అంది ఒక గొంతు.

ఆ పిల్ల అసలు పేరు హాజరు వేసేటప్పుడే వినపడేది. మిగతా రోజంతా నమ్మనమ్మే. కదిలే బస్సులో ఎగిరితే అక్కడే పడతాం అంటే నమ్మలేదు. బస్సెక్కి ఎగిరి, కండక్టరుతో చీవాట్లు తిని వచ్చి, అప్పుడు నమ్మింది. అంతరిక్ష కేంద్రం క్షణక్షణం భూమి వైపు పడుతూనే ఉందనీ, పక్కకి పోయే వేగం వల్ల భూమి వంపు తప్పించుకుంటూ పోతోందనీ, అందుకే లోపల మనుషులు తేలుతున్నారనీ టీచరు చెప్పినప్పటి నుంచీ నమ్మనమ్మకి నిద్ర సరిగ్గా లేదు.

"పడుతుంటే పడిపోవాలి కదా టీచర్? నెలల తరబడి పడుతూ ఉండడమేంటి?" అని ఆ రోజే నిలదీసింది.

"ఆ మాటే వ్యోమగామిని అడగవే."

"ముందు ఆవిడ గొంతు రానివ్వండి. గొంతే రాకపోతే ప్రశ్న దండగ."

అలా ప్రశ్నలడిగే వాళ్ల వరసలో నమ్మనమ్మ లేకుండా పోయింది. మెట్లగది కిటికీ పక్కన ఆ వరస అప్పుడే తయారైంది. కిటికీలోంచి మైకు పొడుగాటి తీగతో బయటికి వచ్చి వేలాడుతోంది. కిటికీ మీద స్పీకరు.

"ఇప్పుడేం నమ్మవే తల్లీ?" అంది టీచరు.

నమ్మనమ్మ నోరు తెరవబోయింది. లోపల్నుంచి మేనమామ అరిచాడు. "కరెంటొచ్చింది! అందరూ సిద్ధంగా ఉండండి! లేస్తోంది!"

నిచ్చెన మెట్లగది వెనకమూలకి యాంటెన్నా ఎక్కుపెట్టాడు. సరిగ్గా అప్పుడే పెద్ద మేడమ్ డాబా మీదికి అడుగుపెట్టింది. చేతిలో నీళ్ల సీసా, ముఖంలో చూద్దాం అన్నట్టు ఒక చూపు.

మేనమామ గొంతు తుఫానులో మాట్లాడే గొంతయింది. "అంతరిక్ష కేంద్రం, అంతరిక్ష కేంద్రం. ఇక్కడ స్కూలు పిలుస్తోంది. వినపడుతోందా? ఓవర్."

స్పీకరులోంచి సమాధానంగా హోరు వచ్చింది. పెనం మీద నీళ్లు చల్లినట్టు సుయ్యిమని ఒకటే హోరు.

"మొదటి చుక్క!" అంది లీడరు. నిచ్చెన జరిగాడు.

మళ్ళీ పిలుపు. మళ్ళీ హోరు.

"మొదట్లో ఇలాగే ఉంటుంది," అంది టీచరు ఎవరూ అడక్కపోయినా. "భవనాలు అడ్డం కదా."

"రెండో చుక్క!"

హోరు. ప్రశ్నల వరసలో ముందున్న పిల్లాడు మైకుని రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. మూడో చుక్క. హోరు. ఈపాటికి అది బాగా పైకొచ్చేసి ఉండాలి. ఏ భవనమూ అడ్డం లేదు.

"కోడలా!" మేనమామ హెడ్‌ఫోను ఒక చెవి మీంచి తోసి అరిచాడు. "రేడియో లక్షణంగా ఉంది! ముక్కెక్కడ పెట్టారు?"

"గీత మీదే ఉంది మామయ్యా!"

"గీత మీదుంటే ఎందుకు రాదే!"

టీచరు నిచ్చెన దగ్గరికి పరిగెత్తింది. ముక్కు గీత మీదే ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. పెద్ద మేడమ్ వాచీ చూసుకుంది.

"టీచర్, నేను నమ్మను," అంది నమ్మనమ్మ.

"ఇప్పుడు కాదే!"

"ఈ గీతని నమ్మను. మీరే కదా మొన్న మమ్మల్ని తాడు కట్టి పరుగెత్తించారు. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతోంది, ఆ తోపు కలిసొస్తుందని రాకెట్టుని తూర్పు వైపే వదుల్తారు, కేంద్రం కూడా తూర్పుకే పోతుంది అన్నారు. నేను ఎదురు పరిగెత్తితే తిట్టారు కూడా."

"అయితే?"

"అయితే మన గీత తూర్పున మొదలై పడమటికి పోతోందేం?"

టీచరు డాబా ఆ చివర నుంచి ఈ చివరకి చూసింది.

నిజమే. మెట్లగది తూర్పు. ట్యాంకు పడమర. ఎనిమిదో తరగతి మొత్తం కేంద్రాన్ని వెనక్కి నడిపిస్తోంది. తనే నడిపించింది! చేతిలో కాగితం చూసింది. ఉత్తరం పైనే ఉంది. విల్లు కుడి నుంచి ఎడమకే ఉంది. కాగితం తప్పా? మామయ్య తప్పు కాగితం ఇచ్చాడా?

"ఇలా ఇవ్వండి," అని నమ్మనమ్మ కాగితం లాక్కుంది. నేలతో సరిచూసింది. పెదవి విరిచింది. "ఇది ఆకాశం బొమ్మ కదా టీచర్? ఆకాశాన్ని వంగి చూడ్డమేంటి?"

అంటూనే ధబాలున వెల్లకిలా పడుకుంది. కాగితాన్ని రెండు చేతుల్తో ముఖం మీదికి ఎత్తి పట్టుకుంది. ఉత్తరం గుర్తుని మైదానం వైపు తిప్పింది. తర్వాత గొంతు చిరిగేలా అరిచింది.

"టీచర్! పడుకోండి! పడుకుని చూడండి!"

పక్కనే టీచరు కూడా పడింది. ఇస్త్రీ బట్టలు సుద్దలో కలిసిపోయాయి. వేడి గచ్చు వీపుని చురుక్కుమనిపించింది. నమ్మనమ్మ పట్టుకున్న కాగితం కిందికి తల చేర్చి చూసింది. మొత్తం అర్థమైపోయింది.

నేల పటంలో ఉత్తరం పైనుంటే తూర్పు కుడిచేతి వైపు ఉంటుంది. ఇన్నేళ్లుగా గోడకి పటాలు తగిలించి అదే చెప్పిన చేతులు, అలవాటు కొద్దీ దీన్నీ అలాగే చదివేశాయి. కానీ ఇది కాళ్ల కింద పరిచే పటం కాదు. నెత్తి మీద పట్టుకునే పటం. తల మీదికి ఎత్తి ఉత్తరాన్ని ఉత్తరానికి కలిపితే, కాగితం కుడి అంచు పడమట ట్యాంకు వైపు వచ్చి కూర్చుంది. విల్లు ట్యాంకు వెనక నైరుతిమూల లేచి మెట్లగది పక్కన ఈశాన్యమూల దిగుతోంది. పడమర నుంచి తూర్పుకి. బుద్ధిగా.

"ఇక్కడ ఏం జరుగుతోంది?" అంది పెద్ద మేడమ్, నేల మీద బారుగా పడి ఉన్న తన సైన్సు టీచరుని చూస్తూ.

టీచరుకి ఆ మాట వినపడలేదు. పడుకునే అరిచింది. "నిచ్చెనా! గీత వదిలెయ్! ట్యాంకు పైకి తిప్పు! ట్యాంకుకీ మైదానానికీ మధ్య, సగం ఎత్తులో!"

"గీత వదిలెయ్యనా?"

"వదిలెయ్‌రా బాబూ!"

నిచ్చెన తిరిగాడు. చేపముల్లు ఆకాశం మీద పెద్ద అర్ధచంద్రం గీసింది. హోరు పలచబడింది. కుండలోంచి మాట్లాడినట్టు ఏదో గొణిగింది. మాయమైంది.

"ఇంకా పైకి!" అంది నమ్మనమ్మ, కాగితం నెత్తిన పెట్టుకుని లేస్తూ. "మైదానం వైపు జరుగు! ఇంకొంచెం! ఆగు!"

హోరు కత్తితో కోసినట్టు తెగిపోయింది.

"...స్కూలు, స్కూలు, మీ పిలుపు ఇప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. చాలాసేపటి నుంచి వెతుకుతున్నాను. ఎక్కడికి పోయారర్రా? ఓవర్."

ఆడగొంతు. నవ్వుతున్న గొంతు. పక్కగదిలోంచి మాట్లాడుతున్నంత దగ్గరగా.

డాబా దద్దరిల్లిపోయింది. ఎవరు ఎవరిని కావలించుకుంటున్నారో తెలీలేదు. "నోళ్లు ముయ్యండర్రా! ముక్కు కదలనివ్వకండి!" అని కిటికీలోంచి మేనమామ రంకెలేస్తున్నాడు గానీ ఆయన కళ్లే ముందు తడిశాయి. నిచ్చెన ఒక్కడే అరవలేదు. పళ్లు బిగించి, నమ్మనమ్మ వేలు ఎటు చూపిస్తే అటు మెల్లగా తిప్పుతున్నాడు.

మైకు పట్టుకున్న పిల్లాడు ఇంకా గంతులేస్తూనే ఉన్నాడు. వెనకవాడు వీపున ఒక్కటిచ్చాడు. "అక్కడ... అక్కడ నిద్రెలా పోతారు? ఓవర్!"

"సంచీలో దూరి, సంచీని గోడకి కట్టేసుకుంటాను. లేకపోతే నిద్రలో తేలుకుంటూ వెళ్లి మావాళ్లకి తలతో ఒక ఢీ ఇస్తాను. ఒకసారి ఇచ్చాను కూడా. ఓవర్."

నవ్వులు. ఇంకో ప్రశ్న. ఇంకో జవాబు. కిందున్న నగరాలు ఎలా కనిపిస్తాయని ఒకమ్మాయి అడిగితే, మీ ఊరిని నేను దాటేశాను, మీరు గుటక వేసేలోపే దాటేశాను, అంది ఆవిడ. ముక్కు ఈశాన్యం వైపు వాలిపోతోంది.

"దిగిపోతోంది," అన్నాడు మేనమామ. "ఇంకొక్కటే. ఒక్కటే!"

వరసలో తర్వాతది లీడరమ్మాయి. వారం రోజులు అద్దం ముందు నిలబడి వల్లించుకున్న ప్రశ్న దాని నాలుక చివర ఉంది. అది మైకుని చూసింది. నమ్మనమ్మని చూసింది. ఒక్క నిట్టూర్పు విడిచి మైకుని చాపింది.

"నువ్వడగవే. నువ్వు లేకపోతే ఇంకా ఆ హోరే వింటూ ఉండేవాళ్లం."

"నేనా? నేను వరసలో లేనుగా."

"అడుగుతావా, చంపనా?"

నమ్మనమ్మ మైకు అందుకుంది. కాగితాన్ని టీచరు చేతిలో కుక్కింది. "అండీ, మీరు పడిపోతూనే ఉన్నారని మా టీచర్ చెప్తున్నారు. అందుకే తేలుతున్నారంట. నేను నమ్మను. మీకు పడుతున్నట్టు తెలుస్తోందా? నిజం చెప్పండి. ఓవర్."

పెద్ద మేడమ్ గుండెల మీద చెయ్యి వేసుకుంది. రేడియోలో నవ్వు గలగలమంది.

"నమ్మకు! నా మాట కూడా నమ్మకు. నీ దగ్గర సీసా ఉందా? అడుగున పక్కగా చిల్లు పెట్టు. నీళ్లు పొయ్యి. నీళ్లు చిమ్ముతుంటాయి కదా, అప్పుడు సీసాని ఎత్తు నుంచి వదిలేసి చూడు. అది పడుతున్నంతసేపూ ఆ నీళ్లు..."

సుయ్యిమంది స్పీకరు.

"నీళ్లు?" అంది నమ్మనమ్మ. "నీళ్లు ఏమవుతాయి? హలో! ఓవర్! ఓవర్!"

"దిగిపోయిందమ్మా," అన్నాడు మేనమామ మెల్లగా.

నిచ్చెన ఇంకా యాంటెన్నా దించలేదు. మైదానం చివర మేడల వెనక్కి, అది వెళ్లిపోయిన చోటుకే గురిపెట్టి నిలబడ్డాడు. అప్పుడు నమ్మనమ్మ చుట్టూ చూసింది. ఆ చూపు పెద్ద మేడమ్ చేతిలో ఉన్న సీసా మీద ఆగింది. ఎనిమిదో తరగతి మొత్తం చూపు అక్కడే ఆగింది.

"ఏంటర్రా?" అంది పెద్ద మేడమ్. "ఇది నా సీసా."

నమ్మనమ్మ చెయ్యి చాపింది.

"కొత్తది," అంది ఆవిడ మళ్ళీ, ఈసారి కాస్త నీరసంగా. తర్వాత మూత తీసి సీసాని చాపింది.

జామెట్రీ బాక్సులోంచి కంపాస్ వచ్చింది. ముల్లు కసుక్కున దిగింది. చిల్లులోంచి నీళ్లు సన్నటి విల్లులా చిమ్మాయి. సగం క్లాసు దడదడా మెట్లు దిగి మైదానంలోకి పరిగెత్తి, దూరంగా వలయం కట్టి తలలెత్తి నిలబడింది. కింద ఎవరూ లేరని టీచరు రెండుసార్లు చూసుకుంది. నమ్మనమ్మ పిట్టగోడ మీంచి చెయ్యి చాపి, చిమ్ముతున్న సీసాని వదిలేసింది.

నీళ్లు ఆగిపోయాయి.

చిల్లు అలాగే ఉంది. నీళ్లు లోపలే ఉన్నాయి. అయినా ఒక్క చుక్క బయటికి రాలేదు. పడే సీసా నుంచి పడే నీళ్లు ఎక్కడికి పోతాయి? రెండూ కలిసి, ఒకే వేగంతో, ఒకదాన్నొకటి నొక్కకుండా దిగాయి. నేలకి తగిలాక మాత్రం నీళ్లు ఫెళ్లున ఎగజిమ్మి వలయంలో ఉన్నవాళ్లని తడిపేశాయి. సీసాకి సొట్ట పడిందంతే. కింద నుంచి లేచిన కేకకి మేడల మీది పావురాలు లేచిపోయాయి.

"చూశావా!" టీచరు నమ్మనమ్మ భుజాలు పట్టి ఊపేసింది. "చూశావా ఆగడం! ఇప్పుడు నమ్మావా?"

నమ్మనమ్మ కిందికి చూస్తూ గోరు కొరుకుతోంది. కళ్లు మాత్రం దీపాల్లా వెలుగుతున్నాయి.

"ఆగింది టీచర్. కళ్లారా చూశాను. కానీ కింద నుంచి గాలి కొట్టి ఆపేసి ఉండొచ్చు కదా?"

మేనమామ నెత్తి కొట్టుకున్నాడు. టీచరుకి మాత్రం గంతెయ్యాలనిపించింది. వేసేసింది కూడా. "అలా అడుగు! మరి ఎలా తేలుస్తావ్?"

"పైకి విసురుదాం. పైకి వెళ్లేటప్పుడు గాలి పైనుంచి కొడుతుంది. అప్పుడు కూడా ఆగిందనుకోండి, అది గాలి పని కాదు. చెయ్యి వదిలాక సీసా పైకెళ్తున్నా పడుతున్నట్టే లెక్క. అప్పుడు..." నమ్మనమ్మ ఆకాశం వైపు చూసింది. "అప్పుడు ఆవిడ చెప్పింది కూడా నిజమే అయ్యుండొచ్చు."

"విసిరేదెవరు? బాగా పైకి వెళ్లాలి. నిచ్చెనా!"

"నా చేతులు ఊడిపోయాయి టీచర్," అన్నాడు నిచ్చెన, యాంటెన్నాని ఒళ్లో పెట్టుకుని కూలబడి.

పెద్ద మేడమ్ అప్పటికే మెట్ల దగ్గర ఉంది. వాచీ తీసి మేనమామ చేతిలో పెట్టింది. కొంగు నడుముకి బిగించింది.

"సీసా నింపి తీసుకురండి," అంది మెట్లు దిగుతూ. "చదువుకునే రోజుల్లో ఇనప గుండు విసిరే పోటీల్లో నన్ను మించినవాళ్లు లేరు."